జాన్ హౌలాండ్ భార్య గవర్నర్ కార్వర్ కూతురేనా?

కాదు, 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో అమెరికాలోని ప్లిమత్ కాలనీకి చేరిన జాన్ హౌలాండ్ పెళ్లాడింది అదే ఓడలో వచ్చిన జాన్ టిల్లీ కూతురు ఎలిజబెత్‌ను. హౌలాండ్ వచ్చింది ఆ కాలనీ తొలి గవర్నర్ కార్వర్ ఇంటి సేవకుడిగా. అందుకే కాబోలు, యజమాని కూతుర్నే చేసుకున్నాడన్న మాట తరతరాలు నిలిచింది. ఇలాంటి చోట ఇంట్లో చెప్పుకునే మాట కన్నా ఆ కాలపు రాతే గట్టి సాక్ష్యం. తర్వాతి గవర్నర్ బ్రాడ్‌ఫర్డ్ ఓడ ప్రయాణికుల వివరాలు రాస్తూ, హౌలాండ్ టిల్లీ కూతుర్ని చేసుకున్నాడనీ, వాళ్లకు 10 మంది పిల్లలనీ స్పష్టంగా చెప్పాడు. అమెరికా విప్లవకాలంలో మాయమైన ఆ రాతప్రతి 1855లో లండన్ బిషప్ గ్రంథాలయంలో తేలింది. హౌలాండ్ ఇంటిపేరున్న వాళ్లంతా ఇతని వారసులే అనుకోవడం మరో పొరపాటు. ఇతని సోదరులు ఆర్థర్, హెన్రీ కూడా ఆ కాలనీలోనే స్థిరపడ్డారు.