గయూమ్ దిగిపోయాడు, ఆయన కుర్చీ పోలేదు: మాల్దీవుల్లో ఏడేళ్ళు ఉన్నవాడి మాట

ముప్పై ఏళ్ళు గయూమ్ అనే ఒకే మనిషి అధ్యక్షుడిగా ఏలిన మాల్దీవుల్లో ప్రజాస్వామ్యం నిలబడుతుందా, పాత రోజులే మళ్ళీ వస్తాయా అని అడిగారు. నేను రాజకీయ పండితుణ్ణి కాను. మాది శ్రీకాకుళం. 2006 నుంచి 2013 దాకా అక్కడ ఉత్తరాన హా ధాలు అటోల్‌లో (అటోల్ అంటే పగడపు దీవుల గుంపు), ఒక చిన్న దీవిలో లెక్కల టీచరుగా పనిచేశాను. ఆ రోజుల్లో అక్కడి బళ్ళలో లెక్కలు, సైన్సు చెప్పేవాళ్ళలో మనదేశం వాళ్ళు చాలామందే ఉండేవారు.

దీవి ఈ చివర నుంచి ఆ చివరికి ఇరవై నిమిషాల నడక. జనం వెయ్యికి కాస్త పైన. దీవికి ఒక పెద్ద ఉండేవాడు, కతీబు అనేవారు. మన పాత కరణాన్నీ మునసబునీ కలిపి ఒకే మనిషిని చేస్తే ఎలా ఉంటాడో అలా. ఆయన్ని దీవి జనం ఎన్నుకోరు, రాజధాని మాలె నుంచి వేస్తారు. ఎవరింటికి ఎవరొచ్చారో కూడా ఆయనకు తెలిసేది.

చేరిన కొత్తలో స్టాఫ్ రూమ్‌లో ఒక అమాయకపు ప్రశ్న వేశాను. గయూమ్ గారి మీద ఎన్నికల్లో ఎవరు నిలబడ్డారు అని. పక్కనున్న, వాళ్ళ భాష దివేహి చెప్పే టీచరు నవ్వాడు. ఎవరూ నిలబడరట. మజ్లిస్, అంటే వాళ్ళ పార్లమెంటు, ఒక పేరు ఖరారు చేస్తుంది. జనం ఆ పేరుకు అవునో కాదో ఓటేస్తారు. 1978 నుంచి ఆరుసార్లు అలాగే గెలిచాడు. "కాదు అని వేస్తే?" అన్నాను. "వెయ్యి మంది ఉన్న చోట నలభై 'కాదు'లు వస్తే, ఆ నలభై ఎవరివో తెలుసుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు సార్" అన్నాడు.

మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది. అక్కడ భయం అంటే తుపాకీ ఒక్కటే కాదు. కొడుకు ఉద్యోగం, కూతురి స్కాలర్‌షిప్, మాలెలో ఫ్లాటు, జబ్బు చేస్తే బయటి దేశానికి పంపే సాయం, అన్నీ ఒకే ఆఫీసు నుంచి రావాలి. ఆ ఆఫీసులో ఉన్నవాడితో తగాదా ఎవడు పెట్టుకుంటాడు?

నిజానికి నేను వెళ్ళేటప్పటికే ఆ గోడ బీటలు వారింది. 2003 సెప్టెంబరులో మాఫుషి జైల్లో ఇవాన్ నసీమ్ అనే కుర్ర ఖైదీని కొట్టి చంపారు. దాంతో మాలెలో అల్లర్లు రేగాయి. మరుసటి ఏడాది ఆగస్టులో పెద్ద నిరసన, ఎమర్జెన్సీ, డిసెంబరులో సునామీ. 2005లో పార్టీలకు అనుమతి వచ్చింది. 2008 ఆగస్టులో కొత్త రాజ్యాంగం, అక్టోబరులో మొదటి అసలైన ఎన్నిక. రెండో రౌండులో ప్రతిపక్ష నాయకుడు మొహమ్మద్ నషీద్ సుమారు 54 శాతం ఓట్లతో గెలిచాడు. గయూమ్ ఓటమి ఒప్పుకుని మర్యాదగా దిగిపోయాడు. ఈ ఒక్క విషయంలో ఆయనకు దణ్ణం పెట్టాలి.

ఆ రోజుల సందడి చెప్పాలంటే రాత్రవుతుంది. నషీద్ వాళ్ళది పసుపు, గయూమ్ వాళ్ళది నీలం. మా దీవిలో టీ కొట్లు కూడా రెండుగా చీలాయి. నీలం వాళ్ళు పసుపు కొట్లో రోషీ, అంటే వాళ్ళ రొట్టె, ముట్టుకునేవారు కారు. మేం పరదేశులం కాబట్టి రెండు కొట్లకూ పోయేవాళ్ళం. అక్కడ మాకున్న రాజకీయ హక్కు అదొక్కటే.

అయితే మనిషి మారాడు, కుర్చీ అదే. పాత పద్ధతిలో న్యాయం విషయంలోనూ అధ్యక్షుడిదే ఆఖరి మాట. కొత్త రాజ్యాంగంలో సుప్రీం కోర్టు వచ్చింది. రెండేళ్ళలో పాత జడ్జిలందరి అర్హతలూ తిరిగి చూడాలని కూడా రాసుకున్నారు. తీరా 2010లో దాదాపు అందరినీ అలాగే ప్రమాణం చేయించి కూర్చోబెట్టేశారు. చూడ్డానికి చిన్న విషయం. నా లెక్కలో ఆ దేశపు కష్టాలకు మొదలు అదే. అలాంటి ఒక జడ్జితో తలనొప్పి తట్టుకోలేక, 2012 జనవరిలో నషీద్ ప్రభుత్వం ఆయన్ని సైన్యంతో అరెస్టు చేయించింది. గయూమ్ కాలంలో ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గిన నషీద్ చేయాల్సిన పనా అది? ఫిబ్రవరి 7న పోలీసులు తిరగబడ్డారు, నషీద్ రాజీనామా చేశాడు. తుపాకులు చూపించి చేయించారని తర్వాత ఆయనే అన్నాడు. మర్నాడు చాలా దీవుల్లో పోలీస్ స్టేషన్లు, కోర్టులు తగలబడ్డాయి. మా దీవిలో ఏమీ కాలేదు గానీ, ఇంట్లోవాళ్ళు రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసేవారు. వాళ్ళ టెన్షన్ నా టెన్షన్ కంటే ఎక్కువ.

ఆ ఏడాదే జీఎంఆర్ గొడవ. మా రాజాంలో మొదలైన కంపెనీ, 2010లో మాలె ఎయిర్‌పోర్టును పాతికేళ్ళకు తీసుకుంది. ప్రయాణికుల దగ్గర 25 డాలర్ల రుసుము మీద రేగిన రచ్చ పెరిగి పెరిగి, 2012 నవంబరులో కొత్త ప్రభుత్వం ఒప్పందాన్నే రద్దు చేసింది. "మీ ఊరివాళ్ళు మా ఎయిర్‌పోర్టు పట్టుకుపోతారా సార్?" అని పిల్లలు కూడా అడిగేవారు. చివరికి 2016లో ఆ చిన్న దేశం దాదాపు 27 కోట్ల డాలర్ల పరిహారం కట్టింది.

నేను తిరిగొచ్చేశాక 2013లో అధ్యక్ష ఎన్నికల్లో గయూమ్ సవతి తమ్ముడు యమీన్ గెలిచాడు. నషీద్‌కు 13 ఏళ్ళ శిక్ష పడింది. 2018 ఫిబ్రవరిలో యమీన్ ఎమర్జెన్సీ పెట్టి సుప్రీం కోర్టు జడ్జిలను, వాళ్ళతోపాటు సొంత అన్న గయూమ్‌నీ అరెస్టు చేయించాడు. తను కట్టిన కుర్చీ ఎంత బరువో గయూమ్‌కు ఎనభై ఏళ్ళ వయసులో తెలిసొచ్చింది. అప్పటికే ఆయన, తన పాత ఖైదీ నషీద్‌తో ఒకే పక్షంలో ఉన్నాడు.

ఇక ముందు సంగతి. 2023లో అధ్యక్షుడైన ముయిజ్జు పార్టీకి 2024లో మజ్లిస్‌లో మూడింట రెండొంతుల కంటే ఎక్కువ బలం వచ్చింది. పార్టీ మారిన సభ్యుడికి సీటు పోయేలా అదే ఏడాది రాజ్యాంగం సవరించారు. ఆ సవరణ మీద విచారణ నడుస్తుండగానే, 2025 ఫిబ్రవరిలో ఏడుగురు సుప్రీం కోర్టు జడ్జిల్లో ముగ్గురిని సస్పెండ్ చేశారు. పద్ధతి పాతదే, చేతులు కొత్తవి. కాబట్టి ఎవరు గెలుస్తారన్న దానికంటే, గెలిచినవాడు జడ్జిని కదిలించగలడా లేదా అన్నదే నేను చూస్తాను. దీవుల కౌన్సిళ్ళనూ చూస్తాను. కతీబుల కాలం పోయి 2011లో ఎన్నికైన కౌన్సిళ్ళు వచ్చాయి. 2019లో చట్టం మార్చి వాటికి ప్రభుత్వ ఆదాయంలో వాటా, ఆడవాళ్ళకు మూడోవంతు సీట్లు ఇచ్చారు. ఆ డబ్బు మాలెను బతిమాలకుండా చేతికందితే, నలభై 'కాదు'ల భయం కొంత తగ్గుతుంది.

అయినా పూర్తిగా పాత రోజులు వస్తాయని మాత్రం అనుకోను. 2008 నుంచి 2023 దాకా నాలుగు అధ్యక్ష ఎన్నికలు జరిగాయి, పదవిలో ఉన్నవాడు ఒక్కడూ మళ్ళీ గెలవలేదు. 2023లో ఎన్నికలకు ముందు నా పాత విద్యార్థి ఒకడికి ఫోన్ చేసి ఎవరికి వేస్తావురా అని అడిగాను. "ఇంకా తేల్చుకోలేదు సార్, ఇప్పుడున్నాయనకు మాత్రం కాదు" అన్నాడు. గొంతు తగ్గించలేదు. వెనకాల టీ కొట్టు చప్పుడు వినిపిస్తూనే ఉంది.