శాలువా కింద ఏముందో చూడు

చిట్టీ,

యశ్వంతపూర్‌లో దిగావనీ, హాస్టల్ గది దొరికిందనీ మీ అమ్మ చెప్పింది. గోల్డ్ నానోపార్టికల్స్‌కి, అంటే కంటికి ఆనని బంగారు నలుసులకి, పెగ్ అనే పాలిమర్ కోటింగ్ వేసి జీవకణాల్లోకి పంపడం నీ పనట. ఈ బెంగళూరులోనే నేనూ అందులో కొన్నేళ్లు కళ్లు కాయలు కాయించుకున్నదాన్నే కనక ఒక మాట చెబుతాను.

నువ్వు వేసిన కోటింగ్‌ని కణం చూడదే. సన్మానసభలో మనిషి కనబడకుండా శాలువాలు కప్పేస్తారు చూడు, సీరంలో, అంటే గడ్డకట్టిన రక్తం నుంచి తీసిన ద్రవంలో, పడ్డ పార్టికల్ గతీ అంతే. ప్రొటీన్లు క్షణాల్లో చుట్టేస్తాయి. ముందు అల్బుమిన్‌లాంటివి గుంపుగా ఎక్కుతాయి, తర్వాత పట్టు గట్టిగా ఉన్నవి వాటిని తోసేసి కూర్చుంటాయి. 1960లలోనే లియో వ్రోమన్ అనే శాస్త్రవేత్త గాజులాంటి ఉపరితలాల మీద ఈ తోపులాట గమనించాడు. పార్టికల్ చుట్టూ కట్టే ఆ ప్రొటీన్ల శాలువానే ఇప్పుడు ప్రొటీన్ కరోనా అంటున్నాం. పెగ్ ఆ గుంపుని తగ్గిస్తుంది, పూర్తిగా ఆపలేదు.

అందుకని కణాల జోలికి వెళ్లకముందే పార్టికల్స్‌ని సీరం కలిపిన మీడియంలో (కణాల్ని పెంచే ద్రవంలో) 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచు. ద్రవం ఎరుపు నీలానికి తిరిగితే పార్టికల్స్ ముద్దకట్టినట్టే, ఆ బ్యాచ్ పారబొయ్యి. డి.ఎల్.ఎస్., అదే కాంతితో పార్టికల్స్ సైజు కొలిచే పరీక్ష, తీసేటప్పుడు ఉత్త సీరం గ్రాఫు కూడా తియ్యి. ప్రొటీన్ల పీక్‌ని నీ పార్టికల్ అనుకుని మురిసిపోయినవాళ్లని చాలామందిని చూశాను. ఇంకోటి, నువ్వు కణాలు పెంచే ప్లేటులో సీరం 10 శాతమే. మన రక్తంలో సగానికి పైగా ప్లాస్మా, సీరంలాంటి ప్రొటీన్ల ద్రవమే. ప్లేటులో కట్టిన శాలువా ఒంట్లోనూ అదే ఉంటుందనుకోకు.

నా సంగతి చెప్పనా? పార్టికల్స్‌కి మెరిసే రంగు తగిలించి కణాల్లోకి పంపాను. ఆరు నెలలు కణాలు పచ్చగా మెరుస్తుంటే గైడుకి రోజూ ఫొటోలు చూపించాను. తీరా లోపలికి వెళ్లింది ఊడిపోయిన రంగు! బంగారానికి ఆనుకుని ఉన్న రంగు వెలుగు మసకబారుతుందని పుస్తకంలో చదివీ, అంత మెరుపు ఎక్కడిదని అడగాలని తోచలేదు. ఒక రాత్రి సీరంలో ఉంచి, సెంట్రిఫ్యూజ్ తిప్పి పార్టికల్స్‌ని అడుక్కి దింపి, పైతేట మెరుస్తోందేమో చూసుంటే ఒక్కరోజులో తేలేది.

పోల్చి చూడ్డానికి కణాల్ని 4 డిగ్రీల దగ్గర ఉంచి చేసే కంట్రోల్ ఎగ్గొట్టకు, చల్లటి కణం మింగదు. అప్పుడూ మెరిస్తే అది పైన అంటుకున్నదో, ఊడిపోయిన రంగో. లోపలికి వెళ్లినవీ చాలామటుకు లైసోజోముల్లోనే, అంటే కణం మింగినవి అరిగించే సంచుల్లోనే, ఇరుక్కుంటాయి. అక్కడ పి.హెచ్. 5 లోపు, నీ కోటింగ్ ఆ పులుపుకి ఏమవుతుందో విడిగా చూడు.

ఆదివారం మల్లేశ్వరం వచ్చెయ్యి, పెసరట్లు వేస్తాను. ఆ డి.ఎల్.ఎస్. గ్రాఫులు ఫోనులో కాదు, కాగితం మీద తీసుకురా. ఉత్త సీరందీ మర్చిపోకు.

మీ పిన్ని