స్వీడన్ చేరిన మా అమ్మాయికి స్వీడిష్ గురించి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వూ అల్లుడూ బాబుతో స్టాక్‌హోమ్‌లో స్థిరపడ్డారని తెలిసి చాలా సంతోషించాను. ఇక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చు కదా, స్వీడిష్‌కు తొందరేముందని అడిగావు. అల్లుడి ఆఫీసులో ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది, కానీ నువ్వు నర్సింగ్ చదివినదానివి. యూరప్ బయట చదివిన నర్సుకు ఇక్కడ లైసెన్సు ఇచ్చే సోషల్‌స్టీరెల్సెన్ అనే ప్రభుత్వ సంస్థ సి1 స్థాయి, అంటే యూరప్ భాషా కొలమానంలో పైనుంచి రెండో మెట్టు, స్వీడిష్ అడుగుతుంది. ఆ స్థాయి అందుకోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఇల్లు సర్దుకున్నాక చూద్దామనుకోకుండా ఈ నెలలోనే మొదలుపెట్టమని గట్టిగా చెబుతున్నాను.

పన్నుల శాఖ అయిన స్కాట్టెవెర్కెట్ నుంచి నీ పెర్షూన్‌నుమ్మర్ అనే వ్యక్తిగత గుర్తింపు సంఖ్య రాగానే మీ కమ్యూన్ (స్థానిక పురపాలక సంస్థ) వెబ్‌సైటులో ఎస్ఎఫ్‌ఐకి దరఖాస్తు పెట్టు. వలస వచ్చినవారికి స్వీడిష్ నేర్పడానికి కమ్యూన్ నడిపే ఈ కోర్సుకు ఫీజు లేదు. పగటి క్లాసులతో పాటు చాలాచోట్ల సాయంత్రం క్లాసులు, ఇంటి నుంచి చదివే ఏర్పాటు కూడా ఉంటాయి. అందులో ఎ నుంచి డి దాకా నాలుగు కోర్సులున్నాయి. చదువును బట్టి మూడు మార్గాలుంటాయి. డిగ్రీ చదివినవారిని సాధారణంగా మూడో మార్గంలో వేసి సి కోర్సుతో ప్రారంభిస్తారు, కనుక దరఖాస్తులో నీ చదువు వివరాలు పూర్తిగా రాయి. డి కోర్సు ముగిసినా సి1 ఇంకా దూరమే. ఆ తర్వాత పెద్దల బడి అయిన కొమ్‌వుక్స్‌లో స్వీడిష్‌ను రెండో భాషగా నేర్పే కోర్సుల్లో చేరాలి. స్టాక్‌హోమ్ ప్రాంతంలో వృత్తుల వారీగా నడిచే ఎస్ఎఫ్‌ఐ కూడా ఉంది. వైద్యరంగం వారికి క్లాసులున్నాయేమో చేరేటప్పుడే అడుగు.

క్లాసు మొదలయ్యేలోపు, మొదలయ్యాక కూడా, నోరు మెదిపే చోటు ఒకటి నీకు ఖాయంగా ఉండాలి. చాలా లైబ్రరీల్లో స్ప్రోక్‌కఫే అనే మాటల కూటమి జరుగుతుంది. ఎక్కువగా రిటైరైన పెద్దలే వచ్చి కూర్చుంటారు, కాఫీ తాగుతూ నెమ్మదిగా, ఓపికగా మాట్లాడతారు. బాబు చిన్నవాడు కాబట్టి నీకు అంతకంటే మంచిది ఓప్నా ఫోర్‌స్కూలన్. తల్లిదండ్రులు పిల్లలతో కలిసి వెళ్లే ఆ బాలకేంద్రాల్లో అందరూ గుండ్రంగా కూర్చుని చేతులాడిస్తూ పిల్లల పాటలు పాడతారు. ఒకే పాట వారం వారం వినిపించేసరికి వాక్యాలు ఎవరూ నేర్పకుండానే నోటికి వచ్చేస్తాయి. సిగ్గుపడేవాళ్లకు ఇంతకు మించిన బడి నాకు తెలియదు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి స్వీడన్ వాళ్ల మంచితనమే. బేకరీలో యాలకుల బన్ను కావాలని నువ్వు స్వీడిష్‌లో అడుగుతావు, నీ తడబాటు వినగానే కౌంటరు దగ్గరి అమ్మాయి నీ కష్టం తగ్గించాలని ఇంగ్లీషులోకి మారిపోతుంది. అప్పుడు చిరునవ్వుతో "యా లేర్ మెయ్ స్వెన్‌స్కా", అంటే స్వీడిష్ నేర్చుకుంటున్నాను, అని చెప్పి మిగతా మాటలు స్వీడిష్‌లోనే పూర్తిచెయ్యి. దాదాపు ప్రతి ఒక్కరూ ఆనందంగా తిరిగి స్వీడిష్‌లోకి వస్తారు. ఈ ఒక్క అలవాటు లేకనే ఎంతోమంది తెలివైనవాళ్లు పదేళ్లున్నా భాష రాకుండా మిగిలిపోవడం చూసి నా మనసు బాధపడింది.

అచ్చులను పొట్టిగా, పొడుగ్గా పలికే తేడా స్వీడిష్‌లో అర్థాన్నే మార్చేస్తుంది. అది తెలుగువాళ్లకు పుట్టుకతో తెలిసిన సంగతే. పెదవులు గుండ్రంగా చుట్టి పలికే కొన్ని అచ్చులు మాత్రం మనకు లేవు, వాటిని అద్దం ముందు సాధన చెయ్యి. ప్రతి నామవాచకాన్నీ దాని ముందుండే ఎన్ లేదా ఎత్ (ఇంగ్లీషు "ఎ" లాంటి మాటలు)తో కలిపే కంఠస్థం చెయ్యి. విడిగా నేర్చుకుంటే తర్వాత దిద్దుకోవడం కష్టం. మన క్రియ వాక్యం చివర వస్తే, మామూలు స్వీడిష్ వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది. "రేపు" అని మొదలుపెడితే "నేను" కంటే ముందే "వస్తాను" చెప్పాలి.

ఇంట్లో వంట చేసేటప్పుడు స్వీడిష్ రేడియోలో క్లార్‌టెక్స్ట్ పెట్టుకో. రోజువారీ వార్తలను తేలిక మాటల్లో, నిదానంగా చదువుతారు. అదే పద్ధతిలో వచ్చే ఓట్టా సీడోర్ పత్రికను ఇంటర్నెట్‌లో చదువు. ఒక వార్తను ముందు విని, తర్వాత చదివి, రాత్రికి అల్లుడికి స్వీడిష్‌లో చెప్పు. అతన్ని కూడా సాయంత్రం క్లాసులో చేర్పించు. బాబుతో మాత్రం మీరిద్దరూ తెలుగులోనే మాట్లాడండి. స్వీడిష్ వాడికి ఫోర్‌స్కూలా, అంటే చిన్నపిల్లల బడి, ఇస్తుంది. దరఖాస్తు పెట్టాక ఏ మార్గంలో వేశారో నాకు రాయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ, గోథెన్‌బర్గ్