నీ కథలో ఎలుక గురించి

తిరుపతి

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. తలకోనలో చెట్టెక్కిన కుర్రాడికి తొర్రలో “ఒళ్ళంతా ముళ్ళతో భయంకరమైన ఎలుక” కనబడిన చోట ఆగిపోయాను. ఆ ఎలుక తలకోనలో ఉండదబ్బా. మలయాళీలు ముళ్ళెలి అంటారే, అది పడమటి కనుమలది. కేరళ, కొడగు వైపు వాన దంచికొట్టే కొండల్లో ఉంటుంది. మన శేషాచలంలో దానికేం పని?

పైగా భయంకరం అన్నావు. ఒళ్ళు జానెడు కూడా లేని జీవి! ముళ్ళు నిజమే, కానీ ఏదుపందికిలా నిక్కబొడుచుకోవు. వీపు బొచ్చులో కలిసిపోయి, చప్పిడిగా, అణిచి దువ్వినట్టు ఉంటాయి. 1859లో జంతుశాస్త్రవేత్త బ్లైత్ దానికి పెట్టిన శాస్త్రీయ నామం ప్లాటకాంథోమిస్‌కి అర్థమే బల్లపరుపు ముళ్ళ ఎలుక అని. ఇక తోక. చివరికొచ్చే కొద్దీ వెంట్రుకలు పొడుగై, తెల్లటి కుచ్చుతో, సీసాలు కడిగే బ్రష్షులా ఉంటుంది. నీ కథలో తోక ఊసే లేదు.

రాత్రిపూట తిరుగుతుంది, మిరియాలు కొరుకుతుంది. కల్లు కుండల్లో దూరి తాగుతుందని కూడా పాతకాలం వాళ్ళు రాశారు. ఇంత సరుకు పెట్టుకుని నీకు భయం ఎందుకయ్యా? కథని ఆ పడమటి కొండలకే మార్చు. నడపాల్సింది ఎలుక కాదు, మిరియాల తోట కాపలావాడు. అతను దాన్ని చూసి ఉండడు. తెల్లారేసరికి చెట్టు కింద కొరికేసిన గింజలు చూస్తాడు, తిడతాడు. ఆ తిట్లతో మొదలుపెట్టు. తలకోన వదలనంటావా, ఎలుక బదులు బెట్లుడుతని, అదే ఆ పెద్ద అడవి ఉడుతని, పెట్టుకో. కాకపోతే అది పగటి జీవి, నీ రాత్రి సీన్లన్నీ పోతాయి. ఏడవకు.

నేనూ తక్కువ తినలేదులే. నా మొదటి కథలో నడివేసవిలో సీతాఫలాలు తినిపించాను. పీలేరు నుంచి ఎవరో రైతు కార్డు రాశాడు: “సామీ, మాకు దసరా దగ్గర పడితే గానీ పండవు. మీకు ఏ అంగట్లో దొరికాయి?” నెల రోజులు కలం పట్టలేదు, అంత టెన్షన్. ఆ కార్డు ఇంకా బీరువాలోనే ఉంది. ఆదివారం వస్తే చూపిస్తాను. వచ్చేటప్పుడు కథ తిరగరాసి తీసుకురా, తోకతో సహా.

ఆశీస్సులతో,
మీ పెద్దాయన