ఆరో తరగతి ఫీజుకు అప్పు చేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఐదో తరగతి. జూన్‌లో కొత్త స్కూల్లో ఆరులో చేర్చాలి. ట్యూషన్ ఫీజు 60 వేలు, అడ్మిషన్ 5 వేలు, బస్సు 18 వేలు, పుస్తకాలు, యూనిఫాం 12 వేలు. మొత్తం 95 వేలు. ఇప్పటి స్కూలుకు ఏడాదికి 28 వేలు కడుతున్నాం. అది పోగా నెలకు 6 వేలు మిగులుతుంది. చేతిలో 40 వేలున్నాయి. సుకన్య సమృద్ధి డబ్బు తీయాలా, స్కూల్ వాళ్లు ఇప్పిస్తామంటున్న సున్నా వడ్డీ ఈఎంఐ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. సుకన్య ఖాతాలోంచి చదువు కోసం సగం వరకు తీయొచ్చు కానీ, అమ్మాయి పదో తరగతి పాసయ్యాకో, 18 ఏళ్లు నిండాకో మాత్రమే. చేయి ఇరుకుగా ఉన్న ఏడాది 250 రూపాయలు వేసినా ఖాతా నిలుస్తుంది. ఇక ఆ ఈఎంఐ మీ పేరున ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పే. పాప మధ్యలో స్కూల్ మారినా వాయిదాలు ఆగవు, ఒక్క వాయిదా తప్పినా సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరును బట్టి బ్యాంకులు చూసే మార్కు) పడిపోతుంది. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది సున్నా వడ్డీ కానే కాదు.

అసలు 95 వేలు ఒకేసారి అక్కర్లేదు. ట్యూషన్ ఫీజు మూడు టర్ముల్లో, బస్సు ఫీజు నెలనెలా కడతామని ఇప్పుడే మాట్లాడుకోండి. అప్పుడు జూన్‌లో అడ్మిషన్ 5, పుస్తకాలు, యూనిఫాం 12, మొదటి టర్ము 20, బస్సు 1.8, అంతా కలిపి 38,800. చేతిలో ఉన్నదే సరిపోతుంది. పాత ఫీజు ఆగిపోతుంది కాబట్టి మీ మిగులు నెలకు 8,300 దాకా పెరుగుతుంది. బస్సు పోను 6,500. అక్టోబరు, జనవరి టర్ములు దాంతోనే గట్టెక్కుతాయి. ఈలోగా జూన్ వరకు దాచేది అత్యవసరానికి ఉంచండి, ముట్టుకోవద్దు. యూనిఫాం రెండు జతలు చాలు, ఈ వయసులో పిల్లలు ఏడాది తిరిగేలోపే పొడవైపోతారు.

నాకు దిగులు పదో తరగతి గురించే. ఫీజు ఏటా 10 శాతం పెరిగితే 60 వేలు అప్పటికి దాదాపు 88 వేలవుతుంది. బస్సు, పుస్తకాలు పెరగకపోయినా 1.18 లక్షలు. మీరు ఏడాదికి పెట్టగలిగేది లక్ష. జీతం పెరగకపోతే ఎనిమిదిలోనే తరుగు మొదలవుతుంది. అందుకే చేర్చే ముందు, ఇప్పుడు అక్కడ పదో తరగతి ఫీజు ఎంతో, ఫౌండేషన్ కోర్సు (ఐఐటీ, నీట్ లాంటి పరీక్షలకు ముందస్తు కోచింగ్) అందులోనే ఉందో, విడిగా కట్టాలో కాగితం మీద రాయించుకోండి. పాప నవోదయ (కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ స్కూలు) ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాసి ఉంటే, ఫలితం వచ్చేదాకా వెనక్కి ఇవ్వని అడ్మిషన్ ఫీజు కట్టకండి.