సైకియాట్రీ వార్డుకు వెళ్తున్న అమ్మాయికి

అమ్మలూ,

సైకియాట్రీ వార్డులో నర్సుగా పోస్టింగ్ పడిందనీ, టెన్షన్ పడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. కొడతారేమోనన్న భయం సంగతి ముందు తేల్చేద్దాం. కోపంగా ఉన్న మనిషికి సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు నిలబడు. తలుపు దారికి ఎవరూ అడ్డం లేకుండా చూసుకో. వాళ్లు గొంతు పెంచితే నువ్వు తగ్గించు. ఒక్కదానివే మొండికి పోకు. అంతే. నేర్చుకోవాల్సిన అసలు పని వేరే ఉంది.

జనరల్ వార్డులో జ్వరం దిగితే నయమైనట్టే. ఇక్కడ అలా కాదు. చెవిలో మాటలు వినపడుతున్నా రోజూ పనికి వెళ్లొచ్చేవాళ్లుంటారు. లక్షణాలన్నీ పోయినా మంచం దిగనివాళ్లూ ఉంటారు. జబ్బు పెట్టిన హద్దులు కొన్ని మిగిలినా తృప్తిగా, ఆశతో, నలుగురికీ ఉపయోగపడుతూ బతకడమే రికవరీ, అంటే కోలుకోవడం అని మానసిక పునరావాస నిపుణుడు విలియం ఆంథొనీ 1993లో రాశాడు. మా రోజుల్లో పేషెంట్‌ను శాంతపరచడమే గొప్ప. ఇప్పుడది చాలదు.

అందుకని డాక్టర్ నిద్ర పట్టిందా అని అడిగి వెళ్లాక, నువ్వు ఇంకో ప్రశ్న అడుగు: "ఇంటికెళ్లాక ఏం చేయాలనుంది?" ఒకాయన మళ్లీ ఆటో నడపాలంటాడు. ఒకావిడ పిల్లాణ్ని తనే స్కూల్లో దింపాలంటుంది. ఆ జవాబుతో మన పని మారిపోతుంది. ఆటో నడిపే మనిషికి పొద్దున మాత్ర మత్తు కలిగిస్తుంటే, దాన్ని రాత్రికి మార్చవచ్చా అని రౌండ్స్‌లో నువ్వే అడగాలి. ఆ సంగతి కేస్ షీట్‌లో ఎక్కడా ఉండదు మరి.

మందుల దగ్గర కళ్లు తెరుచుకుని ఉండు. భ్రమలు, చెవిలో మాటలు తగ్గించే హాలోపెరిడాల్ లాంటి మందు మొదలైన తర్వాత మనిషి కూర్చోలేక, కాళ్లు ఆడిస్తూ వార్డంతా తిరుగుతుంటే, జబ్బు ముదిరిందని ఇంకో ఇంజెక్షన్‌కు పరిగెత్తకు. అది మందు తెచ్చిన ఎకథీసియా, అంటే కుదురుగా ఉండనివ్వని దుష్ప్రభావం కావచ్చు. "మనసు కుదురుగా లేదా, కాళ్లే నిలవనివ్వడం లేదా?" అని అడిగి, ఆ జవాబు డాక్టర్‌కు చెప్పు. మెడ ఒక పక్కకు మెలితిరిగి, కనుగుడ్లు పైకి నిలిచిపోతే నాటకమనుకోకు. అది డిస్టోనియా, మందు వల్ల కండరాలు బిగుసుకుపోవడం. డాక్టర్‌ను పిలవడానికి క్షణం ఆలస్యం చేయకూడదు.

నోట్స్‌లో "సహకరించడం లేదు" అని మాత్రం రాయకు. "మాత్ర వేసుకుంటే నాలుక మొద్దుబారుతోందని వద్దన్నారు" అని రాయి. మొదటి మాట హ్యాండోవర్‌లో షిఫ్టు షిఫ్టుకూ పాకి మనిషి మీద ముద్రగా మిగులుతుంది. రెండోది చదివినవాళ్లు ఆ నాలుక సంగతి చూస్తారు.

గొంతులు వినపడుతున్నాయంటే వాదించకు, అవునవునని తలూపనూ వద్దు. "నాకైతే వినపడటం లేదు, మీకు వినపడుతోందని నమ్ముతాను. ఏమంటున్నాయి?" అను. హాని చేసుకోమంటున్నాయేమో తప్పకుండా తెలుసుకో. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడుగు. అడిగితే కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. అవునంటే మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టర్‌ను పిలిపించు.

ఇక ఇంటివాళ్లు. ఒకే మనిషి గురించి డాక్టర్ మెదడులోని డోపమిన్ అనే రసాయనం అంటారు, తల్లి గాలి సోకిందంటుంది, మేనమామ పెళ్లి చేస్తే కుదురుకుంటాడంటాడు. ఆ మనిషేమో ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి నిద్ర లేదంటాడు. అందరి మాటా విను కానీ, ఆ చివరి మాట ఎక్కువమంది రాసుకోరు, నువ్వు రాసుకో. తాయెత్తు తీసేయమనకు. గుడికో దర్గాకో వెళ్లొస్తామంటే వెళ్లిరమ్మను, మాత్రలు మాత్రం ఆపవద్దని చెప్పు. పెళ్లి మందు కాదని మెత్తగానే అయినా గట్టిగా చెప్పు (మేనమామకు కోపం వస్తుంది, రానీ). గొలుసుతో కట్టేస్తామన్న మాట ఎత్తితే మాత్రం రాజీ లేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేయడం వల్ల తప్పించుకోలేక 28 మంది ప్రాణాలు పోయాయి.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 గొలుసులను పూర్తిగా నిషేధించింది. బలవంతంగా గుండు గీయకూడదు, ఇష్టమైతే సొంత బట్టలే కట్టుకోవచ్చు. అన్నిటికన్నా నాకు నచ్చింది అడ్వాన్స్ డైరెక్టివ్. మళ్లీ జబ్బు తిరగబెడితే తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో బాగున్నప్పుడే రాసిపెట్టుకునే హక్కు అది. డిశ్చార్జ్ హడావుడిలో ఎవరూ చెప్పరు, నువ్వు చెప్పు.

డిశ్చార్జ్ రోజు నీకు ఇంకో పనుంది. జబ్బు తిరగబెట్టే ముందు కనిపించే గుర్తులు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి. ఒకరికి రెండు రాత్రులు నిద్ర పట్టదు, ఒకరు స్నానం మానేస్తారు, ఇంకొకరు అర్ధరాత్రి చుట్టాలందరికీ ఫోన్లు చేస్తారు. అవేవో వాళ్లచేతే ఒక చీటీ మీద రాయించు. మూడ్ విపరీతంగా మారకుండా ఇచ్చే లిథియం వాడేవాళ్లైతే వాంతులు, విరేచనాలైనా, చేతి వణుకు పెరిగినా, నడక తూలినా వెంటనే రమ్మను. ఎండాకాలం నీళ్లు తగ్గించవద్దు, ఉప్పు ఒక్కసారిగా మానవద్దు, అడగకుండా నొప్పి మాత్రలు కొనవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కూడా అక్కడే రాయించు, రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతారు. రాయడం రానివాళ్లకు నువ్వే రాసిపెట్టు, కానీ వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయి.

మొదటి నైట్ డ్యూటీ దిగి, పడుకుని లేచాక ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ