బుజ్జీ, బోర్డు మీద తప్పుంటే ఒప్పేసుకో

బుజ్జీ,

వచ్చే సెమిస్టర్‌లో మూడో ఏడాది పిల్లలకి నువ్వు ఫార్మల్ మెథడ్స్, అదే ప్రోగ్రామ్ సరైనదేనని లెక్కల్లోలా రుజువు చేసే సబ్జెక్టు, చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. సంతోషంతో రాత్రంతా నిద్ర పట్టలేదు, తెల్లారేసరికి భయం కూడా పట్టుకుంది.

ల్యాబ్‌లో ఆ రుజువుల్ని సరిచూసే డాఫ్నీ భాష పనిచేస్తోందో లేదో ముందే చూసుకో. తర్కం గుర్తులతో మొదలుపెట్టకు, బైనరీ సెర్చ్ రాయించు, అదే వరసలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతకడం. మధ్య స్థానం కోసం అందరూ మొదటి, చివరి స్థానాలు, అంటే 'లో', 'హై' కలిపి రెండుతో భాగిస్తారు. జావా భాష లైబ్రరీలోనూ ఆ లైను ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఆ కూడిక 32 బిట్ల సంఖ్యకి హద్దయిన 2,147,483,647 దాటితే మైనస్‌లోకి వెళ్లిపోతుందని, ఆ లైబ్రరీ కోడ్ రాసిన జాషువా బ్లాకే 2006లో రాశాడు. అన్నట్టు, డాఫ్నీలో ఇంట్‌కి, అదే పూర్ణసంఖ్యల టైప్‌కి, హద్దు లేదు, 32 బిట్ల టైప్ నువ్వే పెట్టకపోతే ఈ తప్పు దొరకదు.

ఇక అసలు సంగతి. నేను చెప్పిన మొదటి ఏడాది, సార్టింగ్‌కి, అంటే సంఖ్యల్ని వరసలో పెట్టడానికి, స్పెసిఫికేషన్, అదే ఫలితం ఎలా ఉండాలో చెప్పే షరతు, బోర్డు మీద రాశాను: ఫలితంలో ప్రతి సంఖ్యా దాని తర్వాతి దానికన్నా పెద్దది కాకూడదు, అంతే. చివరి బెంచీలో తెలుగు మీడియం నుంచి వచ్చిన కుర్రాడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు, లేచి "సార్, అన్నీ సున్నాలే ఇచ్చేసినా ఇది సరిపోతుంది కదా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పిచ్చి ప్రశ్నలెయ్యకు, కూర్చో అన్నాను. ఇంటికొస్తూ బస్సులో ఉండగా వెలిగింది, వాడన్నదే నిజం. ఇచ్చిన సంఖ్యలే, అన్నే సార్లు, ఫలితంలో ఉండాలని నేను రాయలేదు. ప్రూఫ్ ఎంత గట్టిదైనా, అడిగిందే తప్పయితే ఏం లాభం? ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వాడు వేశాడు. మర్నాడు నేనేం చేశానో తెలుసా, ఆ లైను చడీచప్పుడు లేకుండా చేర్చేసి ముందుకెళ్లిపోయాను. వాడు మళ్లీ ఏడాదంతా ఒక్క ప్రశ్న అడగలేదు. సెమిస్టర్ చివర్లో వాడి రికార్డు దిద్దుతుంటే, ఆ పేజీలో నా పాత లైనే ఉంది, కింద పెన్సిల్‌తో మూడు సున్నాలు.

నువ్వూ నాలాగే తొందరపడి కసురుతావు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. ఆ అలవాటు గుమ్మం బయటే వదిలెయ్. ఎవరైనా నీ తప్పు పట్టుకుంటే అందరి ముందూ అవునని చెప్పు, అదే బోర్డు మీద వాడి చేతే దిద్దించు. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబివ్వు తల్లీ. మధ్యాహ్నం అన్నం మానకు. మొదటి క్లాసు అవగానే ఫోన్ చెయ్యి, ఎవరు ఏం అడిగారో నాకు చెప్పాలి.

మీ పెదనాన్న